బ్రెడ్డు లైనుకి పెద్ద బండి ఏది కొనాలి అని నాలుగు నెలలు కొట్టుకున్నాం

పదకొండు ట్రేల బ్రెడ్డు తడిసిపోయిన రోజునే పెద్ద బండి కొనెయ్యాలని ఫిక్సయిపోయాను. జూలైలో అనమాట, గజపతినగరం దాటి రామభద్రపురం వెళ్లే దారిలో వాన పట్టుకుంది, మా టాటా ఏస్ మీద టార్పాలిన్ కట్టే ఉంది, తాళ్లు కూడా గట్టిగానే బిగించారు, కానీ గాలికి వెనక మూల లేచిపోయి ఆ సందులోంచి నీళ్లు దిగిపోయాయి. మా డ్రైవరు, తమ్ముడనే పిలుస్తాను వాణ్ణి, ఫోన్ చేసి "అన్నా, ఎనక వరసంతా నానిపోనాది, ఏటి సెయ్యమంతావు" అన్నాడు. పైకి చూస్తే ప్యాకెట్ బానే ఉంటుంది, కానీ కవరు మూతి దగ్గర మడత సందులోంచి కాస్త తడి లోపలికెళ్లినా మర్నాటికో ఎల్లుండికో ఆకుపచ్చగా బూజు వచ్చేస్తుంది, మా పేరు మీద అలాంటి ప్యాకెట్ ఎవరింటికో వెళ్తే నాకు నిద్ర పట్టదు. మొత్తం వెనక్కి తెప్పించేశాను. పోయిన డబ్బు సంగతి అలా ఉంచండి, ఆ రోజు బొబ్బిలి, పార్వతీపురంలో తెల్లారే బ్రెడ్డు కోసం చూసే టీ కొట్లకి సరుకు అందలేదు, వేరే బ్రాండు వాళ్లు వచ్చి పెట్టేశారు, మళ్లీ ఆ షాపుల్లో మన ట్రే పెట్టించుకోడానికి మూడు వారాలు తిరగాల్సొచ్చింది.

మాది విజయనగరంలో చిన్న బేకరీ యూనిట్, నాన్న మొదలెట్టారు. బ్రెడ్డు, బన్ను, రస్కు, కేకులు చేస్తాం. మూడు లైన్లు తిరుగుతాయి, అంటే షాపులకి సరుకేసే రూట్లు, ఒకటి గజపతినగరం, రామభద్రపురం, బొబ్బిలి మీదుగా పార్వతీపురం, ఒకటి చీపురుపల్లి మీదుగా రాజాం, ఇంకోటి ఎస్.కోట నుంచి అరకు. వీటిలో పార్వతీపురం లైనే పెద్దది, పోను రాను 170 కిలోమీటర్ల దాకా ఉంటుంది, సాలూరు ఏజెంటు రామభద్రపురం జంక్షన్‌కి వచ్చి తన వాటా ఎత్తుకెళ్తాడు. పెద్ద బండి కావాలనుకుంది ఈ లైను కోసమే.

షోరూముకెళ్తే ఎవరైనా మొట్టమొదట అడిగే మాట "ఎన్ని టన్నులు వేస్తారు సార్" అని. అక్కడే నేను మొదట తప్పటడుగు వేశాను, ఒక టన్ను అని నోటికొచ్చింది చెప్పేశాను, ఇంక వాళ్లు టన్నున్నర బండి, టన్ను ముప్పావు బండి, రెండు టన్నుల బండి అని చూపించుకుంటూ పోయారు. ఇంటికొచ్చి కాటా తీసి ఒక ట్రే పెట్టి చూశాను. 400 గ్రాముల బ్రెడ్లు పదహారు, అంటే ఆరు కేజీల నాలుగొందలు, ఖాళీ ట్రే కేజీన్నర పైన, మొత్తం ఎనిమిది కేజీలు అనుకోండి. మా ఏస్‌లో ఆరు వరసల ఎత్తు పేరిస్తే అరవై ట్రేలు పడతాయి, బరువు 480 కేజీలు. ఆ బండి ముప్పావు టన్ను మోస్తుంది! అంటే ఇన్నాళ్లూ బండి నిండిపోయింది, చాలట్లేదు అనుకున్నది బరువుకి కాదు, చోటుకి. బ్రెడ్డంటే దూదిలాంటి సరుకే కదా, అందులో సగం గాలే. ఇటుకలు వేసేవాడికి, సిమెంటు వేసేవాడికి పనికొచ్చే లెక్క నాకు పనికిరాదు. నేను అడగాల్సింది లోపల పొడవెంత, వెడల్పెంత, ఎత్తెంత అని, అంతే.

ఆ రోజు నుంచి టేపు జేబులో పెట్టుకుని తిరిగాను. ఎవరిదైనా బండి ఆగి కనపడితే అడిగి మరీ కొలిచేవాణ్ణి, ఎవరూ కాదన్లేదు, మన ఊళ్లో డ్రైవర్లు చాలా మంచోళ్లు, పైగా బండిలో ఉన్న లోపాలు షోరూము వాడు చెప్పనివి వాళ్లు చెప్తారు.

చివరికి మూడు రకాలు మిగిలాయి. ఒకటి, బొలెరో మ్యాక్స్ పికప్ గానీ అశోక్ లేలాండ్ బడా దోస్త్ గానీ తీసుకుని దాని మీద మూసిన కంటెయినర్ కట్టించుకోడం. రెండోది టాటా వింగర్ కార్గో, ఫ్యాక్టరీ నుంచే మూసిన వ్యాన్‌గా వస్తుంది. మూడోది ఫోర్స్ ట్రావెలర్‌లో డెలివరీ వ్యాన్. ఎలక్ట్రిక్ సంగతి కూడా ఒకరోజు మాట్లాడుకున్నాం గానీ, పొద్దున్న నాలుగింటికి బయల్దేరి పార్వతీపురం వెళ్లి రావాలి, దారిలో ఆపి చార్జింగ్ పెట్టే టైము మాకుండదు, అందుకని అది టౌన్ సప్లైకి ఎప్పుడైనా చూద్దాంలే అని వదిలేశాం.

ఇక్కడ మా బావ గురించి చెప్పాలి. బావది సాలూరు. సాలూరంటే తెలుసు కదా, రాష్ట్రంలో విజయవాడ తర్వాత లారీలంటే సాలూరే అని పేరున్న ఊరు, ఆ ఊళ్లో పుట్టినోళ్లకి కమాన్ పట్టీ (బండి కింద కుదుపు తీసుకునే స్ప్రింగు పట్టీ) చప్పుడు విని ఎంత లోడుందో చెప్పేసే చెవి ఉంటుంది. బావకి రెండు లారీలున్నాయి, రాయపూర్ రోడ్డు మీద సుంకి ఘాట్ ఎక్కి దిగడం ఆయనకి వీధి చివరికెళ్లొచ్చినంత. ఆయన ఒకటే మాట, "పికప్ తీసుకోరా, సాలూరులోనే దగ్గరుండి కంటెయినర్ కట్టించేస్తాను, ఎక్కడ ఆగినా మెకానిక్కు దొరుకుతాడు, అమ్మినా రేటు వస్తాది, మైదా కూడా ఏసుకోవచ్చు". నాన్నగారు కూడా ఆ మైదా మాట దగ్గర బావ వైపు వెళ్లిపోయారు. మాకు వారానికి నలభై బస్తాల మైదా వస్తుంది, 50 కేజీలది, అంటే రెండు టన్నులు. సొంత బండి ఉంటే మిల్లు నుంచి మనమే తెచ్చుకోవచ్చు, ఆ కిరాయి మిగుల్తుంది అని ఆయన లెక్క.

నాన్నకి ఎదురు చెప్పడం నాకు అలవాటు లేదు, అందుకని ఎదురు చెప్పకుండా ఒక నోట్‌బుక్ పెట్టాను. ఆగస్టు నెలంతా రోజూ ఏ లైనుకి ఎన్ని ట్రేలు వెళ్లాయి, ఎన్ని రిటర్న్ వచ్చాయి, మైదా కిరాయి ఎంత అయింది రాశాను. నెలాఖరుకి చూస్తే మైదా నాలుగే నాలుగు సార్లు వచ్చింది, బ్రెడ్డు లైను ముప్పై ఒక్క రోజులూ వెళ్లింది. నాలుగు రోజుల పని కోసం ముప్పై ఒక్క రోజులు పనికిరాని బండి కొనుక్కోకూడదు కదా నాన్నా అని ఆ పేజీ చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి "సరే, మైదా మాట వదిలెయ్యి" అన్నారు. బావ మాత్రం వదల్లేదు, బావ చెప్పిన మిగతా మూడూ నిజాలే, వాటికి నా దగ్గర అప్పటికి జవాబు లేదు.

జవాబు రస్కులు చెప్పాయి.

తెలిసినాయన దగ్గర కంటెయినర్ కట్టిన పికప్ ఒకటి ఉంది, రెండ్రోజులు కిరాయికి తీసుకుని మా లోడు అందులో వేసి పంపాం. ఇరవై రస్కు ప్యాకెట్ల మీద పెన్నుతో గుర్తు పెట్టి, కొన్ని క్యాబిన్ వైపు, కొన్ని మధ్యలో, కొన్ని వెనక ఇరుసు మీద పడే చోట పెట్టించాను, రెండో రోజు నేనూ బండెక్కాను. పార్వతీపురంలో మా ఏజెంటు ఇంటి అరుగు మీద ఒక స్టీలు పళ్లెం అడిగి ఒక్కో ప్యాకెట్టూ అందులో వంపి చూశాం. ముందు వైపువి బాగానే ఉన్నాయి, ఒకటీ అరా మూల విరిగింది. వెనక ఇరుసు మీదవి వంపితే ముక్కలు ముందొచ్చాయి, తర్వాత నూక, ఆఖర్న పళ్లెం అడుగున గోధుమరంగు పొడి. ఏజెంటు భార్య చూసి "ఇయ్యి పాలల్లో ఏసుకుని తాగడానికే" అన్నారు. ఎందుకలా అంటే, ఆ బండి కమాన్ పట్టీలు టన్నున్నర పైన బరువు కోసం పెట్టినవి, అంత బరువు పడితేనే అవి వంగి మెత్తబడతాయి, మనం వేసేది ఆరేడు వందల కేజీలు, ఆ బరువుకి అవి కదలవు, రోడ్డు మీద ప్రతి గతుకూ తిన్నగా ట్రేలోకి వచ్చేస్తుంది. డ్రైవరు తమ్ముడు "గాలి కాసంత తగ్గించి నడుపుతానన్నా, మెత్తగా ఎల్తాది" అన్నాడు, నేను వద్దన్నాను, టైరు వేడెక్కి పగిలితే రస్కు పోడం కాదు, మనిషే పోతాడు. బండి చెడ్డది అనట్లేదు, బరువు మోసేవాళ్లకి అది బంగారం. మా సరుకుకి కాదు, అంతే.

ఇంకోటి కూడా ఆ రెండ్రోజుల్లోనే చూశాను, ఇది నాకు రస్కుల కన్నా ఎక్కువ అనిపించింది. మా లైన్ కుర్రాడు, బండి వెనకుండి షాపులకి ట్రేలు దింపేవాడు. పికప్ బాడీ నేల నుంచి నడుం ఎత్తు దాటి ఉంటుంది. షాపు దగ్గర ఆగగానే వెనక తలుపు తీసి, హుక్కు మీద కాలు పెట్టి ఎక్కి, లోపల తల వంచుకుని నడిచి, ట్రే లాగి అంచు దాకా తెచ్చి, కిందకి దూకి, మళ్లీ పైకి చేతులు చాపి ట్రే దించుకుని షాపులోకి. రిటర్న్ ట్రే ఉంటే ఇదంతా తిరగేసి మళ్లీ. ఒక్కో లైనులో నలభై షాపులు పైనే. మధ్యాహ్నానికి వాడు మోకాలు పట్టుకుని కూచోడం నేనే చూశాను, వాడికి పాతికేళ్లు లేవు. ఏస్‌లో అయితే పక్క డాలా దింపుకుని కిందనుంచే తీసుకునేవాడు, మూసిన పెట్టె ఎత్తున పెడితే కష్టమంతా వాడి ఒంటి మీద పడుతుందని కొనే ముందు మనకి తట్టదు, ఎందుకంటే కొనేది మనం, ఎక్కి దిగేది వాడు.

వింగర్ కార్గో చూసినప్పుడు మొదట నచ్చింది అదే. దాని ఇంజిన్ తిప్పేది ముందు చక్రాలని, అందుకని వెనక ఇరుసుకి పవర్ తీసుకెళ్లే పొడుగు షాఫ్టు కింద ఉండదు, నేల కిందకి ఉంటుంది. లోపల కొలతలు 3,240 మిల్లీమీటర్ల పొడవు, 1,640 వెడల్పు, 1,900 ఎత్తు అని కంపెనీ చెప్తుంది, నేను టేపు పెట్టి కూడా చూసుకున్నాను, టైర్ల గూళ్లు కాస్త చోటు తినేస్తాయి అది వేరే. అంత ఎత్తులో మా కుర్రాడు నిటారుగా నిలబడ్డాడు. ట్రేలు గోడ నుంచి గోడ దాకా పేరిస్తే వరసకి ఇరవై, ఏడు వరసలకి 140 దాకా పడతాయి, కానీ అలా పేరిస్తే మధ్యలో ట్రే తీయాలంటే సగం దింపాలి. అందుకని ఒక వైపు మూడేసి ట్రేలు కట్టి, రెండో వైపు మనిషి పక్కకి తిరిగి నడిచేంత సందు వదిలి లెక్క వేశాం, తొంభై పడ్డాయి. మా పార్వతీపురం లైనుకి రోజూ కావాల్సింది ఎనభై ఐదు. తొంభై ట్రేల బరువు చూస్తే 720 కేజీలు, బండి మోసేది 1,680, అంటే సగం కూడా కాదు, ఇంజిన్ మీదా బ్రేకుల మీదా ఒత్తిడి ఉండదు. మరి దాని పట్టీలు కూడా అదే కథ కదా, బరువు లేకపోతే గట్టిగా ఉంటాయి కదా అని మీకు డౌటు రావచ్చు, నాకూ వచ్చింది, అందుకే డెమో బండి అడిగి తీసుకుని అదే రోడ్డు మీద, అవే ఇరవై గుర్తుల ప్యాకెట్లు మళ్లీ నింపి పంపాను. జనాన్ని మోసే బండి నుంచి వచ్చింది కాబట్టో ఏమో కుదుపు బాగా తక్కువ, ముక్కలు వచ్చాయి, పొడి రాలేదు. అది చాలు నాకు.

ట్రావెలర్ వ్యాన్ గురించి కూడా నిజం చెప్పాలి, అదంటే నాకు చాలా ఇష్టం. 1987 నుంచి మన రోడ్ల మీద ఉన్న బండి, జర్మనీ మెర్సిడెస్ వ్యాన్ డిజైన్ మీద పుట్టింది, 2.6 లీటర్ల డీజిల్ ఇంజిన్, లాగే బలం గట్టిగా ఉంటుంది, వెనక చక్రాలు తిప్పుతుంది. అరకు టూరిస్టుల్ని మోసే టెంపో ట్రావెలర్లు అనంతగిరి ఘాట్‌లో రోజూ చూస్తాం కదా, ఆ నమ్మకం ఊరికే రాలేదు. బావ కూడా పికప్ కాదంటే అదే కొనమన్నాడు, దానికి కారణం చెప్పాడు, అది వినదగ్గ కారణం. ఘాట్ ఎక్కేటప్పుడు బండి బరువంతా వెనక్కి వాలుతుంది, ముందు చక్రాలు తేలిక పడతాయి. తిప్పేది ముందు చక్రాలే అయితే, వెనక లోడుండి, రోడ్డు తడిగా ఉండి, ఎక్కుడు మీద బండి ఆపి మళ్లీ కదిలించాల్సి వస్తే చక్రం అక్కడే గిర్రున తిరిగే ప్రమాదం ఉంది. వెనక చక్రాల బండికి అదే బరువు పట్టు ఇస్తుంది. "నీ వింగరు గజపతినగరం రోడ్డు మీద రాజాలాగ ఎల్తాది, వానాకాలం అనంతగిరి ఎక్కించకు" అన్నాడు.

అక్కడ రెండ్రోజులు ఆలోచించాను. నవంబర్ నుంచి జనవరి దాకా అరకు లైను మాకు బాగా నడుస్తుంది, పొద్దున్నే మంచులో బ్రెడ్ ఆమ్లెట్ తినని టూరిస్టు ఉండడు. కానీ ఆ లైనుకి వెళ్లేది ముప్పై నలభై ట్రేలే. దానికి పాత ఏస్ ఉంది, మెల్లగా ఎక్కినా ఎక్కుతుంది, వెనక చక్రాల బండే, దానికి ఈసారి టార్పాలిన్ తీసేసి రేకుతో టాపు కట్టించాం. పైగా మా టౌన్లో గంటస్తంభం వెనక సందుల్లోకి పెద్ద వ్యాను దూరదు, ఐదు మీటర్లు దాటిన బండిని అక్కడ తిప్పాలంటే కూరగాయల బళ్లన్నీ జరపాలి, అక్కడికీ ఏసే దిక్కు. కాబట్టి పెద్ద బండి అన్ని పనులూ చేయక్కర్లేదు, దాని లైను అది బాగా చేస్తే చాలు అనుకున్నాక ట్రావెలర్‌కి అదనంగా పెట్టే డబ్బుకి నాకు కారణం కనపడలేదు. మీది సుంకి దాటి కొరాపుట్ వైపు వెళ్లే లైను అయితే, లేదా రోజూ అరకే అయితే, నేను మా బావ మాటే వినమంటాను.

కంటెయినర్ కట్టించుకుందాం అనుకునేవాళ్లకి ఒకటి. కంటెయినర్ బరువు కూడా బండి మోసే బరువులోంచే పోతుంది, మందపాటి రేకు వేయిస్తే ఆ మేరకు మీ సరుకు తగ్గించుకోవాలి. పైగా బాడీ కట్టినాయన ఫారం 22ఏ (బాడీ రూల్స్ ప్రకారమే కట్టానని ఇచ్చే కాగితం) ఇవ్వాలి, బాడీ ఏ రకమో ఆర్సీలో అలాగే పడాలి, లేకపోతే తర్వాత బ్రేక్ ఇన్‌స్పెక్టర్ దగ్గర నిలబడాల్సి వస్తుంది. సరుకు ఎక్కువ వేసేస్తే చట్టంలో జరిమానా 20,000 నుంచి మొదలవుతుంది, ఆ పైన టన్నుకి 2,000, ఎక్కువైన సరుకు అక్కడే దింపించడం కూడా ఉంది.

కాగితాల విషయం ఇంకొంచెం చెప్తాను, ఎందుకంటే నేను ఇవన్నీ ఒక్కొక్కరి దగ్గరా ఒక్కో ముక్క తెలుసుకున్నాను. బండి సొంత బరువూ మోసే బరువూ కలిపి 3,000 కేజీలు దాటకపోతే గూడ్స్ పర్మిట్ అక్కర్లేదు, ఏస్‌కి మాకు లేదు. ఈ పెద్దవి చాలావరకు దాటిపోతాయి, దాటితే పర్మిట్ తీసుకోవాలి. ఒడిశాలోకి వెళ్లాలంటే నేషనల్ పర్మిట్, దానికి ఏడాదికి 16,500 కాంపోజిట్ ఫీజు. పార్వతీపురం నుంచి రాయగడ ఎంతో దూరం లేదు, అక్కడ అడిగే షాపులున్నాయి, నాకూ ఆశగానే ఉంది, కానీ నాలుగు షాపుల కోసం అంత కట్టడం ఇప్పుడే వద్దనుకున్నాం. ఫిట్‌నెస్ అయితే కొత్త బండికి రెండేళ్లు, ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, తర్వాత ఏటా బ్రేకు (ఫిట్‌నెస్ పరీక్ష) చేయించాలి. డ్రైవరు తమ్ముడికి ఎల్ఎంవీ (తేలికపాటి బళ్ల) లైసెన్సే ఉంది, హెవీ లేదు, ట్రాన్స్‌పోర్ట్ అని వేరే రాసి లేదు, ఇన్సూరెన్స్ వాళ్లు రేపు ఏదైనా జరిగితే కాదంటారేమో అని నాకు భయంగా ఉండేది. 2024 నవంబర్ 6న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల బెంచి చెప్పేసింది, మొత్తం బరువు 7,500 కేజీల లోపు ట్రాన్స్‌పోర్ట్ బండిని ఎల్ఎంవీ లైసెన్సుతో నడపొచ్చని. ఆ పేపరు కటింగ్ వాడి పర్సులో పెట్టుకున్నాడు.

డబ్బు దగ్గరకొస్తే, సెప్టెంబర్ మొదట్లో మేం దాదాపు బుక్ చేసేసేవాళ్లం. సిరిమానోత్సవం 2025లో అక్టోబర్ 7న పడింది, పైడితల్లి పండగ నాలుగు రోజులు మాకు మామూలు కన్నా ఒకటిన్నర రెట్లు అమ్ముతాయి, ఆ లోపు బండి ఉంటే బాగుండును అని. అదే వారం జీఎస్టీ కౌన్సిల్ చెప్పింది, 2025 సెప్టెంబర్ 22 నుంచి సరుకు బళ్ల మీద 28 శాతం కాస్తా 18 అవుతుందని. మా ఆడిటర్‌గారు ఫోన్ చేసి "బాబూ, ఆగు" అన్నారు. చాలామంది వ్యాపారస్తులు ఎలాగూ ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్ను మన పన్నులోంచి తగ్గించుకోడం) వస్తుంది కదా, ఎంత పన్నైతే ఏంటి అనుకుంటారు. మాకలా కాదు, బ్రెడ్డు మీద జీఎస్టీ సున్నా. సున్నా పన్ను సరుకు మోసే బండి మీద కట్టిన పన్ను వెనక్కి రాదు. రస్కులు, కేకుల మీద పన్నుంది కాబట్టి వాటి అమ్మకాల వాటా ఎంతో అంత మేరకే వస్తుంది. మా అమ్మకాల్లో ఎక్కువ భాగం బ్రెడ్డే, అంటే బండి మీద పన్ను దాదాపుగా మా జేబులోంచే. పది లక్షల అసలు ధర మీద చూసినా లక్ష రూపాయల తేడా. పాలు, బ్రెడ్డు లాంటి పన్ను లేని సరుకు మోసేవాళ్లు ఈ లెక్క ఆడిటర్‌తో మాట్లాడకుండా బండి కొనకండి, షోరూములో "క్రెడిట్ వచ్చేస్తుంది సార్" అని చెప్పేది మీ సరుకు సంగతి తెలిసి కాదు.

అందుకని పండగకి ఇంకో ఏస్ కిరాయికి పెట్టి నెట్టుకొచ్చేశాం. ఆ నాలుగు రోజుల కిరాయి కట్టేటప్పుడు నాన్నే అన్నారు, పండగ రోజులకి కిరాయి, మామూలు రోజులకి సొంతం, ఇదే బాగుంది అని. పండగయ్యాక వింగర్ బుక్ చేశాం, తెల్ల రంగుది.

తెల్లదే ఎందుకంటే మేనెల కోసం. మూసిన రేకు పెట్టె మన ఎండల్లో పొయ్యిలా అయిపోతుంది, లోపల బ్రెడ్డు కవర్లో చెమట పడితే బూజుకి అదే దారి. ముదురు రంగు ఇంకా వేడి లాగుతుంది. ఎండా కాలానికి ముందే టాపు మీద గాలి తిరిగే వెంటిలేటర్లు రెండు పెట్టిస్తున్నాం, లోపల టాపుకి వేడి ఆపే షీటు అతికిస్తున్నాం, దానికి ఎత్తు రెండు అంగుళాలు పోతుంది, కుర్రాడి తల తగలదని కొలిచాకే ఒప్పుకున్నాను. ఓవెన్ నుంచి దింపిన బ్రెడ్డు లోపల దాకా పూర్తిగా చల్లారకుండా ప్యాక్ చేయొద్దని, గోరువెచ్చగా ఉన్నది ఒక్కటి కూడా బండి ఎక్కకూడదని యూనిట్లో అందరికీ మళ్లీ చెప్పాను. ఏస్ తెరిచి ఉండేది కాబట్టి ఇన్నాళ్లూ చిన్న తప్పు చేసినా గాలికి సర్దుకుపోయేది, మూసిన బండిలో సర్దుకోదు.

డీజిల్ బిఎస్6 (కొత్త పొగ రూల్స్ ప్రకారం వచ్చే) బళ్లు కొనేవాళ్లకి మెకానిక్ చెప్పిన మాట కూడా రాసేస్తున్నాను. పొగ గొట్టంలో మసి పట్టే ఫిల్టరు ఉంటుంది, బండి కాసేపు ఆగకుండా వేగంగా నడిస్తేనే ఆ వేడికి లోపల మసి కాలిపోయి శుభ్రమవుతుంది. రోజంతా టౌన్లో కిలోమీటరుకోసారి ఆపుకుంటూ తిరిగే బండికి అది మూసుకుపోయి లైటు వెలుగుతుంది. మా లైన్లో గజపతినగరం దాకా, తర్వాత తిరుగు ప్రయాణంలో ఖాళీగా వచ్చేటప్పుడు మంచి పరుగు దొరుకుతుంది కాబట్టి ఇబ్బంది లేదు.

బండి నవంబర్ రెండో వారంలో వచ్చింది. పైడితల్లి అమ్మవారి గుడి దగ్గర నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొట్టి, మొదటి ట్రే నాన్న చేత పెట్టించాం. మొదటి రోజు లైనుకి నేనూ వెళ్లాను. బొబ్బిలిలో ఒక షాపు ముందు ఆగాం, కుర్రాడు పక్క స్లైడింగ్ డోరు లాగి ఒక్క అడుగులో లోపలికెళ్లి, నిలబడి, కావాల్సిన ట్రే తీసుకుని, ఒక్క అడుగులో దిగిపోయాడు. ఎక్కినట్టూ లేదు దిగినట్టూ లేదు. షాపాయన "ఏట్రా, బేగి వచ్చేసినావు ఇయ్యాల" అన్నాడు వాడితో, వాడు నవ్వాడు. పార్వతీపురం చేరేసరికి అంతకు ముందు కన్నా నలభై నిమిషాలు ముందున్నాం.

ఒక్కటి మాత్రం ఇంకా తేలలేదు. మలుపుల్లో ట్రేల వరసలు సందు వైపుకి జరుగుతున్నాయి, ప్రస్తుతానికి బెల్టులు వేసి కడుతున్నాం గానీ ప్రతి షాపు దగ్గరా విప్పి కట్టడం కష్టం. బావ వచ్చి చూసి, నేల మీద రెండు అంగుళాల యాంగిల్ పట్టీ ఒకటి పొడుగూతా వేయిస్తే అడుగు ట్రే జరగదు, పైవి ఒకదాన్లో ఒకటి కూర్చుంటాయి కాబట్టి అవీ ఆగుతాయి అన్నాడు. సాలూరులో తనకి తెలిసిన వెల్డింగ్ షాపులో ఆదివారం వేయిస్తానని బండి తాళాలు తీసుకెళ్లాడు, డిసెంబర్ 31 కేకుల లోడుకి ముందే అది అయిపోవాలి.